పాత కోడ్ మార్చడమూ నేర్పండి

సంపాదకులకు నమస్కారం. మిర్యాలగూడ రైస్ మిల్లులకు లెక్కల ప్రోగ్రాములు రాసిపెట్టడం నా పని. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ అయిన పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయినా, అందులో రాసిన పాత కోడ్ ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని కొత్త వెర్షన్ పైథాన్ 3లోకి మారుస్తుంటే, ప్రింట్ అనే ఆదేశానికి బ్రాకెట్లు లేవన్న ఎర్రర్ వెంటనే కనబడుతుంది. దానితో టెన్షన్ లేదు. భయమంతా ఎర్రర్ చూపని తప్పులతోనే. 1,010 కిలోల ధాన్యాన్ని 40 కిలోల బస్తాలుగా భాగిస్తే పాత కోడ్ 25 అనేది. అదే భాగహారపు గీత (/) కొత్తదాంట్లో 25.25 ఇస్తుంది. రెండు గీతలు (//) పెడితేనే మళ్లీ 25. చీటీలో అంకె మారితే రైతు ఎందుకు ఊరుకోవాలి? పాత చీటీలు దగ్గర పెట్టుకుని, అవే తూకాలు కొత్త కోడ్‌కిచ్చి సరిచూడాల్సిందే. మన జిల్లా పాలిటెక్నిక్‌లలో పిల్లలతో ఈ పని ల్యాబ్‌లోనే చేయించాలని కోరుతున్నాను.

— ఒక ప్రోగ్రామర్, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా