పికప్ ప్రకటనల్లో పేలోడ్ కూడా పెద్ద అక్షరాల్లోనే ఉండాలి

సంపాదకుడు గారికి,

పికప్ ట్రక్కుల ప్రకటనల్లో ఇంజిన్ శక్తి, ట్రెయిలర్‌ను లాగే సామర్థ్యం పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. రోజూ బండి వాడేవాళ్లకు ముందు తెలియాల్సింది వెనక తొట్టిలో ఎన్ని కిలోలు వేయొచ్చన్నది. అదేమో అడుగున ఎక్కడో ఉంటుంది. మీ వాహనాల పేజీలోనైనా ఈ పద్ధతి మారాలని కోరుతున్నాను.

బండి పెద్దదైతే ఎక్కువ మోస్తుందని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ అలా ఉండదు. బండికి అనుమతించిన మొత్తం బరువులోంచి దాని సొంత బరువు తీసేస్తే మిగిలేదే పేలోడ్. మనుషుల బరువు కూడా అందులోదే. 75 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే 375 కిలోలు అక్కడే పోయాయి. ఫోర్ వీల్ డ్రైవ్, సన్‌రూఫ్, పెద్ద టైర్లు చేరేకొద్దీ బండి బరువెక్కి, సామానుకు మిగిలేది ఇంకా తగ్గుతుంది. అందుకే ఒకే మోడల్‌లో ఖరీదైన వేరియంట్ కంటే సాదా వేరియంట్ ఎక్కువ మోయడం మామూలే. ట్రెయిలర్ తగిలిస్తే దాని బరువులో సుమారు 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడుతుంది. అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

తొట్టి సంగతీ అంతే. ఫోర్డ్ ఎఫ్-150 అనే పెద్ద పికప్‌లో నాలుగు తలుపుల బండి ఐదున్నర అడుగుల తొట్టితో దాదాపు 5.9 మీటర్లు ఉంటుంది. రెండు తలుపులది 8 అడుగుల తొట్టితో కూడా అంతకంటే కాస్త పొట్టే. ప్లైవుడ్ షీట్లు, పైపులు మోసేవాళ్లకు ఏది పనికొస్తుందో వేరే చెప్పాలా? ఇద్దరు ముగ్గురు తిరుగుతూ, తేలికపాటి సామాను వేసుకునే ఇంటికైతే ఫోర్డ్ మావెరిక్ లాంటి చిన్న పికప్ చాలు. దాని పొడవు 5 మీటర్ల పైచిలుకే, పార్కింగ్‌కు టెన్షన్ తక్కువ. ఏడాదికోసారి వచ్చే భారీ లోడ్‌కు బండి అద్దెకు తెచ్చుకోవచ్చు. బరువైన ట్రెయిలర్లు తరచూ లాగేవాళ్లకు మాత్రం పెద్ద బండే కావాలి. చిన్నదాని మీద పరిమితికి మించి వేస్తే బ్రేకులు, టైర్లు తట్టుకోవు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. బానెట్ ఎత్తుగా ఉంటే బండి ముందు నిలబడిన చిన్నపిల్ల డ్రైవర్‌కు కనిపించకపోవచ్చు. అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, బానెట్ ముందంచు ఎత్తు 40 అంగుళాలు, అంటే సుమారు ఒక మీటరు, దాటిన వాహనాలు ఢీకొంటే పాదచారి చనిపోయే అవకాశం 45 శాతం ఎక్కువ. ముందుభాగం ఏటవాలుగా, 30 అంగుళాలకు మించకుండా ఉన్న వాహనాలతో పోల్చి చెప్పిన మాట ఇది. అవసరం లేని సైజు కొనుక్కుంటే ఆ ప్రమాదం పక్కవాళ్ల నెత్తిన పడుతుంది. ఇది కొనేవాళ్ల ఇష్టానికి మాత్రమే సంబంధించిన విషయం అని నేను ఒప్పుకోను.

కాబట్టి మీ ప్రతి పికప్ సమీక్షలో నాలుగు వివరాలు తప్పకుండా వేయండి: సీట్లన్నీ నిండాక మిగిలే పేలోడ్, వెనక తలుపు మూసినప్పుడు తొట్టి పొడవు, బానెట్ ఎత్తు, మలుపుకు కావలసిన జాగా. చాలా బండ్లకు డ్రైవర్ తలుపు ఫ్రేమ్ మీద బరువు పరిమితుల స్టిక్కర్ అంటించే ఉంటుంది. ఆ అంకెలనే ప్రకటనల్లో, షోరూమ్ బోర్డుల మీద పెద్ద అక్షరాల్లో చూపాలని రవాణా అధికారులు నిబంధన తేవాలి.

— ఒక పాఠకుడు