గ్లాస్గోలో ఉన్న స్రవంతికి అమ్మ ఉత్తరం

హన్మకొండ

బిడ్డా స్రవంతీ,

సుధాకర్ కొడుకు లండన్ దాకా వస్తున్నడు, అక్కడి నుంచి నీకు కొరియర్ చేస్తానన్నడు. సకినాల డబ్బా, ఉసిరికాయ తొక్కు, నీ పాత నల్ల స్వెటర్ పెట్టిన. స్వెటర్ మోచేతి దగ్గర చిరిగితే సమ్మక్కతో అల్లించిన. రంగు కలవలేదని మూలకు పడెయ్యకు, లోపల వేసుకుంటే ఎవడు చూస్తడు?

ఫోన్‌లో చెప్పచ్చు గదా అంటవు. నువ్వు ఎత్తితే గదా. ఆదివారం వస్తది, పోతది, నీ దగ్గర నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వస్తది. ఆ బొటనవేలు చూసి నువ్వు తిన్నవో లేదో నాకెట్ల తెలుస్తది?

ఇక్కడ అందరం మంచిగ ఉన్నం. చింటుగాని పెండ్లి మాట మళ్లీ వెనక్కి పోయింది, కారణం నీకు తెలిసిందే. పాత ఇంటి గోడ ఈ వానలకు కూలింది. మీ పెదనాయన కట్టిస్తనన్నడు, చూద్దాం.

మొన్న రాజేశ్వరి చిన్నమ్మ వచ్చింది. చాయ్ కప్పు కింద పెట్టకముందే, "మీ స్రవంతి ఆస్పత్రిల బట్టలు మార్చుకునే రూం లొల్లి అయితున్నదట గదా, సంతకాల కాగితంల మన పిల్ల పేరున్నదట" అన్నది. ఏం కాగితం అని అడిగిన. ఆడోళ్ల రూంలకు ట్రాన్స్‌జెండర్ మనిషిని రానియ్యద్దన్న కాగితమా, రానియ్యాలన్న కాగితమా? అది చిన్నమ్మకు తెల్వదు. ఆమెకు లొల్లి అయితే చాలు, ఎటు పక్క అన్నది అక్కర లేదు. నేను నిన్నేం అడుగుతలేను, ఆమె అన్నది చెప్తున్నంతే.

అడగకపోయినా తెలుసుకోకుండ ఉండలేను గదా. సమ్మయ్య సార్ వాళ్ల వకీలు పిల్ల ఉన్నది చూడు, ఆమెను కూర్చోబెట్టి చెప్పించుకున్న. 2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీలు ఒక్క మాట మీద తీర్పిచ్చిన్రట. 2010 సమానత్వ చట్టంలో ఆడమనిషి అంటే పుట్టుకతో ఆడమనిషే, 2004 చట్టం కింద ఆడమనిషిగా మారినట్టు సర్టిఫికెట్ తెచ్చుకున్నా ఈ చట్టం లెక్కలో అది మారదు అని. కేసు వేసింది మీ స్కాట్లండ్ ఆడోళ్ల సంఘమేనట. అయితే తీర్పు చదివిన జడ్జి, దీన్ని ఒకరి మీద ఒకరి గెలుపుగా చూడొద్దని కూడా అన్నడట. ట్రాన్స్ వాళ్లను వేధిస్తే, ఉద్యోగంలో తేడా చూపిస్తే, అదే చట్టం వాళ్లకు ఇప్పటికీ అండగ ఉంటదట. తర్వాత అక్కడి సమానత్వ కమిషన్, ఆడోళ్ల గదులు ఆడోళ్లకేనంటూనే, ట్రాన్స్ వాళ్లకు అసలు ఏ గదీ లేకుండ చెయ్యొద్దన్నది. మరి ఆ గది ఎక్కడుండాలె, ఎవరు కట్టాలె? అక్కడనే మీ లొల్లంత మొదలైనట్టున్నది.

తల తడిగా ఉండంగ డ్యూటీకి పోకు. ఆ దేశంలో ఎండ లేదు, విటమిన్ డి గోళీ మానకు.

నేను చదువుకునేటప్పుడు మా హాస్టల్‌లో, పేరెందుకులే, బాత్రూం తలుపుకు గడియ లేకుండె. లోపల ఒకరు స్నానం చేస్తే బయట ఇంకొకరు వీపు ఆనించి నిలబడాలె. ఒకనాడు పంపు బాగుచేసెటోడు చెప్పాపెట్టకుండ వచ్చిండు. నాకు అరవై దాటినా ఇప్పటికీ కొత్త ఇంటికి పోతే ముందు బాత్రూం గడియనే చూస్త. అందుకని, ఆ రూంలో బట్టలు మార్చుకోవడానికి నామోషీ అయితదని ఏ నర్సన్నా అంటే నాకు నవ్వు రాదు. నువ్వు గూడ నవ్వకు.

అట్లని ఆ రెండో మనిషిని దొంగను చూసినట్టు చూడకు. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది గదా, అప్పటి ముచ్చట నీకు సగమే చెప్పిన. ఆడోళ్లతో పాటు ట్రాన్స్‌జెండర్లకు గూడ బస్సుల జీరో టికెట్, అంటే ఫ్రీ. అప్పటికి నాకు ఇంకా రిటైర్మెంట్ కాలేదు, ఉప్పల్ ఎక్స్‌ప్రెస్‌ల కండక్టర్ డ్యూటీ. బస్సు జనగామలోనే నిండింది. ఒకామె ఎక్కింది, పచ్చ చీర, చేతిలో స్టీలు టిఫిన్. ఆధార్ ఇస్తే అందులో వేరే పేరు, పురుషుడు అని ఉన్నది. జీరో టికెట్ తప్పు కొడితే జవాబు చెప్పుకోవాల్సింది నేను. టికెట్ మిషన్ పట్టుకొని నిలబడ్డ. వెనక నుంచి ఒకడు ఈల వేసిండు. ఆమె చూడలేదు, జాకెట్లో నుంచి ప్లాస్టిక్ కవర్ తీసి మడత విప్పింది. కలెక్టర్ ఇచ్చిన గుర్తింపు కార్డు, మడతల దగ్గర నలిగిపోయింది. టికెట్ కొట్టిచ్చిన. నా పని అయిపోయిందనుకున్న.

అసలు పంచాయితీ సీటు కాడ వచ్చింది. లేడీస్ సీటులో ఒక తల్లీ బిడ్డా, పక్కన ఒక సీటు ఖాళీ. ఈమె పోంగనే ఆ తల్లి సంచి తీసి సీటు మీద పెట్టింది. "మా పిల్ల భయపడుతది, వెనకకు పో" అన్నది. పిల్ల నిజంగనే ముడుచుకున్నది, అబద్ధం కాదు. "మా గృహప్రవేశం నాడు మీరు చేసిన ఆగం మర్చిపోలే" అని ఆ తల్లే మళ్లీ అన్నది. "అది నేను కాదు గదమ్మా" అన్నది ఈమె. వెనకనేమో మగపోరగాండ్లు, "ఇటు రా, మా పక్కన కూసో" అని ఒకటే నవ్వుడు. ముందుకు పోలేదు, వెనకకు పోలేదు, కడ్డీ పట్టుకొని మధ్యలో నిలబడ్డది. నేను పోయి ఆ పోరగాండ్లను నాలుగు తిట్టి, ఆమెను నా కండక్టర్ సీటులో కూర్చోబెట్టిన. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు, ఆలేరు దాటినంక నిలబడలేకపోయిన. అయినా లేవమనలేదు.

ఉప్పల్‌లో దిగేటప్పుడు ఆమె ఏమన్నదో ఎరుకేనా? "ఆడోళ్ల సీటు అడిగితే నీ సీటిచ్చినవ్, మంచిదానివే. రేపు నువ్వుండవు గదక్కా" అన్నది. నాకు కోపమొచ్చింది. అంత చేస్తే ఇదా అనిపించింది. మళ్లీ ఇంటికొచ్చినంక ఆమె అన్నదాంట్లో తప్పేమున్నదని గూడ అనిపించింది. నిజాం కాలం చట్టమొకటి ఉండేదట, ట్రాన్స్ వాళ్లు ఆడబట్టలు కట్టుకొని బజార్లో కనబడితే వారంట్ లేకుండ పట్టుకుపోవచ్చని. మన హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లోనే, ఈ బస్సు ముచ్చటకు కొన్ని నెలల ముందే. మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న, మేమెవరమో మేమే చెప్పుకునే హక్కు వాళ్లకున్నదని అన్నది. ఇన్ని తీర్పులొచ్చినా ఆ బస్సులో ఆ సంచి మాత్రం సీటు మీదనే ఉన్నది. ఆ తల్లిని గూడ తిట్టబుద్ధి కాదు నాకు, పిల్లతో పోయేటోళ్లకు వంద భయాలుంటయి.

నీకు లెక్చర్ ఇయ్యొద్దనుకున్న. కానీ ఇది విను. స్పాన్సర్‌షిప్ మీద పోయినదానివి, వీసా ఆస్పత్రి వాళ్ల చేతిలో ఉన్నది. పది మంది పెట్టిన్రని సంతకం పెట్టకు. పెడితే కాగితం మొత్తం చదివి పెట్టు. ఎటు పక్క పెట్టినా నాకు కోపం లేదు, కానీ ఆ ట్రాన్స్ మనిషితో ఒక్కసారన్నా మాట్లాడి పెట్టు. ఆమె పేరు నీకు తెలుసా? ఆమెకు భయపడే నర్సుతోని గూడ మాట్లాడు. డ్యూటీ మార్చుకొమ్మని ఒకరినో, వేరే రూంకు పొమ్మని ఇంకొకరినో మేనేజ్‌మెంట్ అంటే, అదొక్కటే దారా అని అడుగు. అడగడానికి సంతకం అక్కర లేదు.

నిన్నేమన్నా అంటున్నరా అక్కడ? చిన్నమ్మ ఆ సంగతి చెప్పలేదు. నాకు నిద్ర పడతలేదు, అంతే.

తొక్కు సీసా మూత కింద నూనె చేరి ఉంటది, తెల్ల బట్టల మీద తియ్యకు. సకినాలు పక్క రూం కేరళ పిల్లకు గూడ పెట్టు.

బాపు రాయమన్నడు: ఆ రూంలో ఒక్కొక్కరికి గడియ ఉన్న చిన్న గదులు ఉన్నయా, లేక అందరికీ ఒకటే హాలా? కొలతలు పంపితే ప్లైవుడ్‌తో ఎంతైతదో లెక్క కట్టి చెప్తడట. ఆయనకు లోకంలో ఏ లొల్లయినా తలుపు బిగిస్తే తీరిపోతదని. నువ్వైతే కొలతలన్నా పంపు, ఆ వంకనన్నా నాలుగు మాటలు రాస్తవు.

మీ అమ్మ