డ్రైవర్లు ఇంక రాలె: లైట్లు ఇచ్చిపోయినోళ్లకు ఒక మాట

అందరికీ నమస్తే. హన్మకొండల మా షాపుల బ్యాటరీ లైట్లు బాగు చేయనీకి, లోపలి పార్టులు మార్చనీకి ఇచ్చిపోయినోళ్లు "అన్నా, అయిందా?" అని రోజూ ఫోన్ చేస్తున్నరు. ఒక్కొక్కరికి సగం సగం చెప్పే బదులు ఉన్న సంగతంత ఇక్కడ రాస్తున్న. చదివినంక ఆగుతరా, లైటు వాపస్ తీసుకపోతరా, మీ ఇష్టం. వాపస్ కావాలంటే అడ్వాన్సు పైసలు అడిగిన రోజే ఇస్త, మొఖం మాడ్చుకోను.

సంగతేందంటే, లైట్ల లోపల పెట్టే డ్రైవర్లు ఇంక చేతికి రాలె. తెల్వనోళ్లకు చెప్తున్న: డ్రైవర్ అంటే బ్యాటరీ సెల్లుకు, ఎల్ఈడీకి నడుమ కూసునే గుండ్రటి సర్క్యూట్ బోర్డు. మనం ఎక్కువ వాడేది 17 మిల్లీమీటర్లది, రూపాయి బిళ్ల కంటే చిన్నగుంటది. ఎల్ఈడీకి ఎంత కరెంటు పోవాలె, సెల్లు దిగినంక ఎప్పుడు ఆపాలె అన్నదంత అదే చూసుకుంటది. నేను ఇవి పెద్ద కంపెనీల కాడ కొనను. లైట్ల పిచ్చి ఉన్న ఒకాయన బయటి దేశంల చిన్న దుకాణం నడుపుతడు, ఆయన కాడికెళ్లి తెప్పిస్త. బోర్డు గీసేది ఆయనే, టంకం పెట్టేది ఆయనే, ఒక్కొక్కటి వెలిగించి చూసి కవర్ల పెట్టి పంపేది కూడా ఆయనే. ఇంట్ల పనులు పడ్డయని కొన్నాళ్లు దుకాణం ఆపిండు. మళ్ల తెరిచిండు గానీ, పాత ఆర్డర్లు వరుసల పంపుకుంట వస్తున్నడు. మన వంతు ఇంక రాలె.

ఆయనను విడిచి ఇంకో దిక్కు ఎందుకు చూసుకోవు అని అడిగినోళ్లున్నరు. చూసిన. డ్రైవర్లే కాదు, ఎల్ఈడీలు కూడా ఈయన కాడనే దొరుకుతయి. పెద్దోళ్లు ఎల్ఈడీలు రీళ్లకు రీళ్లు తీసుకోమంటరు, వెయ్యి తీసుకొని నేనేం చేసుకోవాలె? ఈయన ఒక్కటి కావాలన్నా ఇస్తడు. అది ఏ రంగు వెలుతురు, ఏ బిన్నుది (వెలుతురు, రంగు చూసి ఫ్యాక్టరీల వేరు చేసిన గుంపు) అన్నది కవర్ మీద రాసి ఇస్తడు. కోఠి గుజరాతీ గల్లీకి పోతే వైర్లు, స్విచ్చులు, చార్జింగ్ బోర్డులు, సోల్డర్ పేస్టు (టంకం ముద్ద) అన్నీ దొరుకుతయి, వాటికి నేను అక్కడికే పోత. నాకు కావాల్సిన డ్రైవర్ మాత్రం అక్కడ కంట పడలె.

బజార్ల దొరికే డ్రైవర్ వేసి ఇచ్చెయ్యొచ్చు కదా అంటరు. ఇయ్యొచ్చు. మీ పని రెండు రోజులల్ల అయితది, నా తలనొప్పీ పోతది. గానీ నా చేతికి వచ్చిన ఆ రకం బోర్డులల్ల ఎక్కువ వాటికి సెల్లు ఎక్కడ ఆపాలెనో తెల్వది, చివరిదాక పిండుతనే ఉంటయి. లిథియం సెల్లును 2.5 వోల్టుల కిందికి దించి మళ్ల చార్జింగ్ పెట్టుడు సెల్లుకు మంచిది కాదు, మనిషికి అసలే మంచిది కాదు. వెలుతురు తగ్గించుమంటే అవి కరెంటు తగ్గించవు, లైటును గబగబ ఆర్పి వెలిగిస్తయి. నమ్మకపోతే చిన్న మోడ్‌ల పెట్టి ఎదురుంగ చెయ్యి జోరుగ ఊపి చూడుండ్రి, ఒక్క చెయ్యి ముక్కలు ముక్కలుగ పది చేతులు కనవడతయి. ఇగ ఆ డిస్కో మోడ్ సంగతి చెప్పనే వద్దు. మక్కచేన్ల పందుల గుంపు ఉరికొస్తుంటే బటన్ రెండుసార్లు ఒత్తినోనికి మిణుకుమిణుకు లైటు ఎవనికి కావాలె?

నేను పెట్టే బోర్డు మీద ఏఎంసీ 7135 అనే చిన్న చిప్పులుంటయి. ఒక్కోటి 350 మిల్లీ యాంపులు పోనిస్తది, అంతకు మించి పోనియ్యది. ఎనిమిది చిప్పులు పక్కపక్కన పెడితే 2.8 యాంపులు. పాత పద్ధతే, దీంట్ల గొప్పేం లేదు. కాకపోతే సెల్లు బాగ దిగేదాక వెలుతురు దాదాపు ఒక్కతీరు ఉంటది. ఒక్క చిప్పు మీద నడిపితే 3,500 మిల్లీ యాంప్ అవర్ల మంచి సెల్లు తొమ్మిది, పది గంటలు వస్తది. వెలుతురు వంద లూమెన్ల (లైటు ఇచ్చే మొత్తం వెలుతురు కొలత) పైనే ఉంటది. ఒడ్డు మీద నడవనీకి, స్టార్టర్ డబ్బా తెరిచి చూసుకోనీకి అది ఎక్కువే.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినంక బాయికాడికి అర్ధరాత్రి పోవుడు తగ్గింది, నిజమే. పందుల కావలి తగ్గిందా? నర్సంపేట, పరకాల దిక్కు మక్క, పల్లి వేసినోళ్లను అడుగుండ్రి. ఎండకాలం ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల కాడ పండుకునే రైతుకు కూడా రాత్రంత ఆగే లైటే కావాలె. అందుకనే నేను జోరు కంటే ఓపిక చూస్త.

జోరు అంటే యాదికొచ్చింది. లక్ష లూమెన్లని డబ్బా మీద రాసిన లైటు పట్టుకొచ్చి, "దీన్ని ఇంక పెంచు" అంటరు. ఎల్ఈడీ వాటుకు వంద లూమెన్లు ఇస్తదనుకున్నా లక్ష లూమెన్లకు వెయ్యి వాట్లు కావాలె. 18650 సెల్లు (18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు ఉండే లిథియం సెల్లు) మంచిదైతే దాంట్ల ఉండేది 12, 13 వాట్ అవర్లు. వెయ్యి వాట్లు లాగితే నిమిషం కూడా నిండదు, అసలు ఆ సెల్లు అంత కరెంటు ఇయ్యనే ఇయ్యది. అట్లనే "9,900" మిల్లీ యాంప్ అవర్లు అని రాసిన సెల్లు. 18650 సైజుల 3,500, 3,600 దాటిన సెల్లు నేనైతే చూడలె. దగ్గరి కంసాలి కాడ తూకం పెట్టియ్యుండ్రి. అసలుది 45 గ్రాముల అటిటు తూగుతది, ఆ 9,900ది 30 గ్రాముల కాడ ఆగినా మీరు ఆశ్చర్యపోవద్దు. కొన్నింటి లోపల చిన్న సెల్లు పెట్టి మిగతా జాగల ఏదో పొడి నింపుతరు.

దూరం కావాలన్నోళ్లకు ఒక లెక్క. దూరం లూమెన్లతోని తేలది, వెలుతురు ఎంత ఇరుకుగ పోతదనేదాంతోని తేలుతది, దాన్ని క్యాండెలాలల్ల కొలుస్తరు. 10,000 క్యాండెలాల లైటుకు 200 మీటర్లు రాస్తరు. 400 మీటర్లు కావాలంటే రెండింతలు సరిపోదు, నాలుగింతలు, అంటే 40,000 కావాలె. ఆ 200 మీటర్ల కాడ పడే వెలుతురు కూడా నిండు పున్నమి వెన్నెలంత, గంతే. అందుకని "రెండింతల కరెంటు పెట్టు, రెండింతల దూరం రావాలె" అంటే నేను పైసలు తీసుకోను.

కరెంటు పెంచుడుల ఇంకో తంటా వేడి. ఎల్ఈడీకి పోయిన కరెంటుల సగానికి పైనే వేడిగ మారుతది. అది బయటికి రాకపోతే ఎల్ఈడీ నీలంగ మారి చస్తది. ఎల్ఈడీ కూసునే బోర్డు మామూలుగ అల్యూమినియందుంటది, దాంట్ల లోహం మంచిదే. ఎల్ఈడీకి లోహానికి నడుమ కరెంటు తగలకుంట పూసిన పొర ఉంటది చూడుండ్రి, వేడిని ఆపేది అది. నేను వాడే రాగి బోర్డుల నడుమ ఆ పొర ఉండది, ఎల్ఈడీ కడుపు నేరుగ రాగికే అతుకుతది. దాన్ని వేడి పలక మీద పెట్టి, పేస్టు కరిగేదాక చూస్త. సీసం కలిసిన పేస్టు 183 డిగ్రీల కాడ కరుగుతది. బూడిద రంగున్న పేస్టు ఒక్కసారి అద్దం తీరు మెరుస్తది, ఎల్ఈడీ తనంత తానే జరిగి సరిగ్గ నడుమల కూసుంటది. పట్టకారుతోని మెల్లగ తడితే పక్కకు పోయి మళ్ల జాగకు వస్తది. అట్ల వచ్చిందంటే అతుకు పడ్డట్టే. ఈ పని చూడాలని ఎన్ఐటీ పిల్లలు వస్తుంటరు, రాండ్రి, కాకపోతే ఫోన్ లైటు నా కండ్లల్ల కొట్టకుండ్రి.

రంగు విషయంల నా మాట వినుమని చేతులు జోడిస్తున్న. అందరు తెల్లగ, నీలం కొట్టే 6,500 కెల్విన్ల (వెలుతురు రంగు కొలత, అంకె తగ్గితే పసుపు దిక్కు పోతది) లైటే అడుగుతరు, అది ఎక్కువ వెలిగినట్టు కనవడతది కాబట్టి. ఆ వెలుతురుల ఎండుటాకులు, మట్టి, మక్క కొయ్యలు అన్నీ ఒకటే బూడిద రంగుల కనవడతయి. రక్తపింజర ఉండేది గా ఎండుటాకులల్లనే. 4,000 కెల్విన్ల మంచి రంగు ఎల్ఈడీ, జపాన్ కంపెనీ నిచియా వాళ్ల 519ఏ లాంటిది పెడితే లూమెన్లు కొంచెం తగ్గుతయి గానీ గోధుమ రంగుకు, ఎరుపుకు తేడా తెలుస్తది. పాము ఒంటి మీది మచ్చలు ఆకులల్ల కలవకుంట విడిగ కనవడతయి. పురుగులు కూడా నీలం వెలుతురుకు వచ్చినంతగ దీనికి రావు. రెండు రకాల లైట్లు షాపుల పెట్టిన, చీకటి పడ్డంక వచ్చి గల్లీల కొట్టి చూసుకోండ్రి.

ఇగ ఇప్పటి సంది మారేటివి. డ్రైవర్ నా చేతిల ఉంటేనే కొత్త పని తీసుకుంట. పార్టులు రాకముందు పూర్తి పైసలు తీసుకునుడు బంద్, పేరు రాసిపోండ్రి, వచ్చినంక ఫోన్ చేస్త. రేటు కొంచెం పెరుగుతది. చిన్న పార్సిలైనా కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ, కొరియరోళ్ల ఫీజు కట్టాలె, అవి నా కడుపుల పెట్టుకునేంత లాభం దీంట్ల లేదు. నా కూలి పాతదే. సెల్లు కరెంటును నేరుగ ఎల్ఈడీకి వదిలే మోడ్, చేతిల పట్టుకుంటే కాలే లైటు, ఇగ చెయ్య. ఎండకాలం ట్రాక్టర్ డబ్బాల అట్లాంటి లైటు ఉండుడు నాకు ఇష్టం లేదు.

డ్రైవర్లు రాకున్నా అయ్యే పనులున్నయి, అవి వారంల చేసి ఇస్త. తోక దిక్కు స్ప్రింగుకు పక్కన రాగి తీగ టంకం పెట్టుడు ఒకటి. ఆ స్ప్రింగ్ 0.05 ఓమ్ అడ్డం పడ్డా 3 యాంపుల కాడ 0.15 వోల్టులు అక్కడనే పోతయి. సెల్లు సగం దిగినంక ఆ తేడా కంటికి తెలుస్తది. టైప్-సి కేబుల్ రెండు దిక్కుల సన్నమూతిది పెడితే చార్జింగ్ ఎక్కని లైట్లు మస్తు వస్తున్నయి. ఖరాబు కాలేదు, పోర్టు కాడ 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు పెట్టలేదు, గంతే. పెట్టి ఇస్త. వానకాలం ముందు రబ్బరు రింగులు మార్పిచ్చుకోండ్రి, వాటికి సిలికాన్ గ్రీజే పూయాలె, కొబ్బరినూనె కాదు.

పాత చార్జింగ్ లైట్లల్ల 4 వోల్టుల లెడ్ (సీసం) బ్యాటరీ తీసేసి లిథియం పెట్టుమని అడుగుతున్నరు. పాత చార్జర్ అట్లనే ఉంచితే పెట్టను. లెడ్ బ్యాటరీ నిండేసరికి 4.8 వోల్టుల దాక పోతది, లిథియం 4.2 దాటొద్దు. చార్జింగ్ బోర్డు కూడా మార్చుకుంటనంటేనే చేస్త.

ఒక్కటి గట్టిగ చెప్తున్న. పాకాల, ఏటూరునాగారం దిక్కు రాత్రి వేటకు దూరం కొట్టే లైటు కావాలని వచ్చేటోళ్లు నా షాపు మెట్లు ఎక్కొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ఉండనే ఉంది, అది లేకున్నా నేను చెయ్య. చేను కాడ పందిని బెదిరించే లైటు వేరు, అడవిల జింక కండ్లల్ల కొట్టే లైటు వేరు. ఏది ఎందుకు అడుగుతున్నరో మాటల తెలుస్తనే ఉంటది.

సెల్లు తెచ్చేటప్పుడు జేబుల తాళాలతోని కలిపి వేసుకొని రాకుండ్రి, ప్లాస్టిక్ డబ్బీల తేండ్రి, లేనోళ్లకు నేనే ఇస్త. పాడైన సెల్లు కూడా చెత్తల పారెయ్యకుంట నాకియ్యుండ్రి, కొసలకు టేపు వేసి రీసైక్లింగోళ్లకు పంపుత. షాపు పొద్దుగాల పదింటికి తెరుస్త, ఆదివారం బంద్. లైటు వాపస్ కావాల్నంటే మీకిచ్చిన చిట్టీ పట్టుకొని రాండ్రి, చిట్టీ పోతే లైటు మీద గీతలెక్కడున్నయో చెప్పినా చాలు.