బ్రేకు బకెట్లు ఉబ్బిపోతున్నాయని చెబితే టికెట్ మూసేస్తారా?

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ సైటులో కొన్న ప్రీమియర్ పద్మిని కారు బ్రేకు రబ్బరు కిట్టు, దాని మీద పెట్టిన ఫిర్యాదు టికెట్ విషయంలో మీ కస్టమర్ కేర్ చూపిన నిర్లక్ష్యం గురించి.

అయ్యా / అమ్మా,

మీకు మెయిల్ పెడితే యంత్రం జవాబిస్తుంది. ఫోన్ చేస్తే మనిషే ఎత్తుతాడు గానీ చెప్పింది రాసుకోడు. అందుకే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఒక్కరైనా మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఇంతవరకూ నేను పంపింది మీ వాళ్లెవరూ పూర్తిగా చదవలేదని వాళ్ల జవాబులే చెబుతున్నాయి.

సంగతి ఇది. 1976 మోడల్ పద్మినికి మీ దగ్గర మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాలకు తోసేది) కిట్టు, నాలుగు చక్రాలకూ వీల్ సిలిండర్ బకెట్లు (సిలిండర్ లోపల ఆయిల్ కారకుండా ఆపే గిన్నె లాంటి రబ్బర్లు), డస్ట్ కవర్లు తెప్పించాను. ఫ్లోరు తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించి, టింకరింగ్, పెయింటింగ్ అన్నీ అయ్యాక ఇంట్లోనే బ్రేకుల పని పెట్టుకున్నాను. బిగించిన రోజు పెడల్ గట్టిగా, బాగా వచ్చింది. బండిని కొద్ది రోజులు షెడ్డులో ఉంచి మళ్లీ తోస్తే కదల్లేదు. జాకీ ఎక్కిస్తే చక్రం చేత్తో తిరగలేదు. చక్రం దగ్గర ఎయిర్ తీసే నిప్పిల్ వదులు చేయగానే బ్రేకు ఆయిల్ చిమ్మింది, చక్రం వదులైంది.

బ్రేకుల పని తెలిసినవాళ్లకు ఇంత చెబితే చాలు. నిప్పిల్ వదిలితే చక్రం తిరిగిందంటే షూ స్ప్రింగు తప్పు కాదు, లైనర్ బిగుసుకోవడమూ కాదు. లైనులో ప్రెషర్ వెనక్కి పోకుండా నిలిచిపోయింది. హోస్ పైపు లోపల మూసుకుపోయినా ఇలాగే అవుతుంది కాబట్టి అదీ చూశాను. మళ్లీ పెడల్ తొక్కి, ఈసారి నిప్పిల్ ముట్టుకోకుండా మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు బిగించే యూనియన్ వదులు చేశాను. అక్కడ వదలగానే నాలుగు చక్రాలూ తిరిగాయి. అంటే హోసులు బాగున్నాయి, తప్పు మాస్టర్ సిలిండర్‌లోనే ఉంది. పెడల్ నుంచి సిలిండర్‌ను తోసే పుష్ రాడ్‌కు ఒక మిల్లీమీటరు ప్లే (ఖాళీ) ఉంచే బిగించాను కాబట్టి ఆ వంకా లేదు.

విప్పి చూస్తే బకెట్ ఉబ్బి ఉంది. పెడల్ వదిలినప్పుడు బకెట్ అంచు రిజర్వాయరుకు పోయే సన్న రంధ్రం వెనక్కి రావాలి. అప్పుడే లైనులో మిగిలిన ఆయిల్ తిరిగి పైకి పోతుంది. రబ్బరు ఉబ్బితే అంచు ఆ రంధ్రాన్నే మూసేస్తుంది. ఇక ఆయిల్ వెనక్కి పోదు, షూలు డ్రమ్ముకు రాసుకుంటూనే ఉంటాయి. డ్రమ్ము వేడెక్కిన కొద్దీ ఆయిల్ వ్యాకోచించి ఇంకా బిగుస్తుంది. షెడ్డులో ఉన్న బండి కాబట్టి సరిపోయింది. హైవే మీద అయితే కాలిన లైనర్ వాసన వచ్చే దాకా నడిపేవాడికి తెలియదు.

వెనక ఎడమ వీల్ సిలిండర్‌లో అయితే ఉబ్బిన బకెట్ అంచు చిరిగింది. ఆయిల్ కారి లైనర్లు తడిసిపోయాయి. అవి ఇక పనికిరావు, ఎంత తుడిచినా, ఎండబెట్టినా పట్టు రాదు. రిమ్ము మీద కొత్త పెయింటు బుడగలు లేచి ఊడింది. బ్రేకు ఆయిల్ పెయింటును తినేస్తుంది కదా.

ఇక మీ వాళ్ల సంగతి.

మొదట ఫోన్ ఎత్తినాయన చాసిస్ నంబరు పదిహేడు అంకెలు చెప్పమన్నాడు. 1976 బండికి పదిహేడు అంకెల నంబరు ఉండదని చెప్పాను. అది లేకపోతే ఫిర్యాదు నమోదు కాదన్నాడు. సరే, కారు పేరుతో రాయండంటే ఫియట్ అని వెతికి పుంటోనా, లీనియానా అని అడిగాడు. పద్మిని అనే బండి మా సిస్టంలో లేదన్నాడు. అదే సిస్టంలో పద్మిని అని రాసిన కిట్టునే కదా మీరు నాకు అమ్మింది? 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, 1974 నుంచి పద్మిని పేరుతో కుర్లా ఫ్యాక్టరీలో తయారై, ముంబైలో 2023 అక్టోబరు దాకా టాక్సీగా తిరిగిన బండి ఇది. దాని పేరు చెప్పుకుని సరుకు అమ్మే కంపెనీలో ఫోన్ ఎత్తే మనిషికి ఆ పేరు నేర్పకపోవడం ఆ అబ్బాయి తప్పు కాదు, మీ తప్పు.

తర్వాత చాట్. ఫొటోలు పంపమన్నారు, పంపాను. కొత్త ఏజెంటు వచ్చి మళ్లీ అవే ఫొటోలు అడిగాడు. పైన ఉన్నాయి చూడండి అంటే, పాత సంభాషణ తనకు కనిపించదన్నాడు. ఆ తర్వాత వచ్చినావిడ అధీకృత సర్వీస్ సెంటరులో బిగించిన బిల్లు కావాలన్నారు. తయారీ ఆగిపోయి పాతికేళ్లయిన బండికి అధీకృత సర్వీస్ సెంటరు ఎక్కడుందో ఆవిడే చెప్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో పద్మిని పని తెలిసిన పాత మేస్త్రీలు ఉన్నారు, వాళ్లలో ఒకరితో చూపించి రాయించి పంపుతానన్నాను. జీఎస్టీ నంబరు లేని కాగితం చెల్లదన్నారు.

టెక్నికల్ టీం నుంచి ఫోన్ వస్తుందన్నారు. వచ్చింది. ఈసారైనా పని తెలిసినవాళ్లతో మాట్లాడవచ్చని సంతోషించాను. ఆయన చెప్పిన సలహా ఇది: "పాత బండ్లకు రబ్బరు బిగుతుగా ఉంటుంది సార్, కొంచెం గ్రీజు రాసి బిగించండి, ఫ్రీ అవుతుంది." బ్రేకు రబ్బరుకు మామూలు గ్రీజా? పెట్రోలియం గ్రీజు తగిలితే బ్రేకు బకెట్లకు వాడే ఈపీడీఎం రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సిలిండర్లను డీజిలుతో కడగకూడదనేది, బకెట్లను కొత్త బ్రేకు ఆయిల్లో ముంచి మాత్రమే లోపలికి తోయాలనేది ఇందుకే. ఈ పనిలో చేరిన కుర్రాడికి మొదటి వారంలోనే మేస్త్రీ చెప్పే మాట ఇది. నేను ఆ సలహా పాటించలేదు. పాటించే కస్టమర్ ఎవరైనా ఉంటే ఏమవుతుందో ఆలోచించారా?

నా ఒళ్లు మండింది ఆ తర్వాత. టికెట్ మీద మీరు రాసిన తీర్పు: "కస్టమర్ గ్రీజు వాడటం వల్ల భాగం పాడైంది, వారంటీ వర్తించదు." గ్రీజు మాట ఎత్తింది మీ మనిషి. నేను వాడలేదని ఆ ఫోన్లోనే చెప్పాను. కాల్స్ రికార్డు అవుతాయని మీరే ప్రతిసారీ వినిపిస్తారు కదా, ఆ రికార్డు తీసి వినండి. మీ మనిషి ఇచ్చిన తప్పుడు సలహాను నా నేరంగా మార్చి రాశారంటే, నా మాట వినలేదు సరే, మీ మాట కూడా మీరు వినలేదు.

వాపసు తీసుకోవడానికి కొరియర్ అబ్బాయిని పంపారు. సీలు విప్పని పెట్టె అయితేనే తీసుకోమని అతని యాప్‌లో ఉంది. సీలు విప్పకుండా బకెట్ ఉబ్బిందని ఎలా తెలుస్తుంది? పాపం అతనూ ఏమీ చేయలేక వెళ్లిపోయాడు. సాయంత్రానికి "కస్టమర్ ఇంట్లో లేరు" అని మెసేజ్. మర్నాడు టికెట్ "పరిష్కారమైంది" అని మూసేసి, సేవ ఎలా ఉందో అయిదు నక్షత్రాల్లో చెప్పమన్నారు. మళ్లీ తెరవమని పెట్టిన మెయిళ్లకు జవాబు లేదు. పెద్దవాళ్లకు పంపండని మీరే ఇచ్చిన అడ్రసుకు రాస్తే మెయిల్ బాక్సు నిండిపోయిందని తిరిగొచ్చింది.

నేను మీకు కొత్తవాణ్ణి కాదు. ఈ బండికి తలుపుల బీడింగులు, ఇంజన్ మౌంటింగులు, సోలెక్స్ కార్బ్యురేటర్ కిట్టు, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డుకు బుష్షులు అన్నీ మీ దగ్గర కొన్నవే. అవి బాగున్నాయి, ఆ మాట ఇప్పటికీ అంటాను. పాత ఫియట్లు బాగు చేసుకునే మిత్రులు అడిగితే మీ పేరే చెప్పాను. ఆ మాట నమ్మి ఇదే బ్రేకు కిట్టు కొన్నవాళ్లున్నారు. డబ్బు వాపసు వస్తే ఊరుకునే విషయమైతే ఎప్పుడో ఊరుకునేవాణ్ణి. వాళ్ల బండ్లలో ఇవే బకెట్లు ఉన్నాయి, వాళ్లు పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్నారు. నాకు నిద్ర పట్టనిది అందుకు.

ఆయిల్ తప్పేమో అని మీ వాళ్లు అనే అవకాశం ఇవ్వకుండా అదీ పరీక్షించి ఫొటోలు పంపాను. సీలు విప్పిన కొత్త డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ డబ్బాలోంచి రెండు గాజు సీసాల్లో ఆయిల్ పోశాను. ఒకదాంట్లో మీ కిట్టులో వాడకుండా మిగిలిన బకెట్, రెండోదాంట్లో వేరే దుకాణంలో కొన్న అదే సైజు బకెట్ వేసి మూత పెట్టాను. వేసే ముందు వెర్నియర్‌తో రెండూ కొలిచాను. తీశాక చూస్తే మీ బకెట్ అంచు వ్యాసం ఒక మిల్లీమీటరుకు పైగా పెరిగింది, వేలితో నొక్కితే జిగురుగా మెత్తగా ఉంది, ఆయిల్ నల్లబడింది. రెండోది వేసినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది. ఆయిల్లో మినరల్ ఆయిల్ (పెట్రోలియం నూనె) ఏమైనా కలిసి ఉంటే ఆ రెండోదే ఉబ్బాలి. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ ఆయిళ్లు. వాటిలో ఉబ్బేది నైట్రైల్ రబ్బరు. బండిలో ఉండే పెట్రోలు పంపులకు, ఇంజన్ ఆయిల్ సీళ్లకు అది మంచి రబ్బరే, బ్రేకులకు మాత్రం పనికిరాదు. మీకు సరుకు పోసేవాడు అచ్చు ఒకటే కదా అని రబ్బరు మార్చేశాడని నా గట్టి అనుమానం. చూడ్డానికి రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి, ఆయిల్లో వేస్తేనే బయటపడుతుంది. మీ గోదాములో ఎవరికైనా ఒక గాజు సీసా, వంద మిల్లీలీటర్ల డాట్ 3 ఇస్తే చాలు, నా మాట నిజమో కాదో తేలిపోతుంది. ఇంత చిన్న పని చేయడానికి మీకు మనసు రాలేదు.

సిలిండర్ తప్పనీ అనలేరు. లోపల గోరుతో గీస్తే తగిలే గుంటలున్న సిలిండర్‌కు లోపల కొత్త గొట్టం (స్లీవ్) వేయించాను. మిగతావాటిని 600 నంబరు ఎమెరీ కాగితంతో బ్రేకు ఆయిల్ తడిపి రుద్ది, స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి బిగించాను. ఎయిర్ తీసింది కూడా దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టి వరసగానే.

ఇప్పుడు వేరే కిట్టు కొని అన్నీ మళ్లీ విప్పి బిగించాలి. ఉబ్బిన రబ్బరు పొడి లైనుల్లో చేరింది కాబట్టి పైపులన్నీ కొత్త ఆయిల్‌తో కడగాలి. తడిసిన లైనర్లు మార్పించాలి, రిమ్ముకు పెయింటు వేయించాలి. ఆర్సీ రెన్యువల్‌కు బండిని ఆర్టీఓ దగ్గర చూపించాలి, బ్రేకు లేకుండా అక్కడిదాకా ఎలా తీసుకెళ్తాను? ఈ ఖర్చుల బిల్లులు జతపరిచాను, ఇవ్వాల్సింది మీరే. దానికన్నా ముందు కవరు మీదున్న లాట్ నంబరు కిట్లు అమ్మడం ఆపండి. ఆ లాట్ కొన్న ప్రతి కస్టమర్‌కూ బండి బయటికి తీయొద్దని మీరే రాయండి. ఎవరికి అమ్మారో మీ దగ్గర ఫోన్ నంబర్లతో సహా ఉంది.

ఈ–కామర్స్ సంస్థలకు 2020 వినియోగదారుల రక్షణ నియమాలు ఏం చెబుతున్నాయో మీకు తెలియకపోదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి. ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను నంబరు సైటులో కనిపించాలి. మీ సైటులో ఆ పేరు ఎంత వెతికినా దొరకలేదు, అందుకే ఈ ఉత్తరం పేరు లేకుండా హోదాకు రాయాల్సి వచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న సరుకు వల్ల జరిగే హానికి తయారుచేసినవాడితో పాటు అమ్మినవాడినీ బాధ్యుణ్ణి చేసే అధ్యాయం ఉంది. మా దగ్గర రాసుకోలేదు, మా సిస్టంలో లేదు అనే మాటలు అక్కడ చెల్లవు.

48 గంటల్లో మనిషి పేరుతో, సంతకంతో, ఆ రబ్బరు ఏమిటో రాతపూర్వకంగా చెబుతూ జవాబు రావాలి. ఓపికకు ధన్యవాదాలు అనే మెసేజ్ వస్తే దాన్ని జవాబుగా లెక్కపెట్టను. రాకపోతే 1915 హెల్ప్‌లైనులో నమోదు చేసి, నేనుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. అయిదు లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు కూడా లేదు. మీరు కబురు చేసినా చేయకపోయినా ఆ లాట్ నంబరు ఈ రోజే నాకు తెలిసిన పద్మిని వాళ్లందరికీ పంపుతున్నాను.

ఉబ్బిన బకెట్లు, చిరిగినది, వాడనివి, సీసాల్లోని ఆయిల్ అన్నీ లాట్ నంబరు కవరుతో సహా పారేయకుండా ఉంచాను. మీ కొరియరుకు ఇక ఇవ్వను. సరుకును ల్యాబుకు పంపించే అధికారం జిల్లా కమిషన్‌కు ఉంది, ఆ ఫీజు ముందుగా నేనే కడతాను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
విజయవాడ