చెప్పినవాళ్ల పేరు రాసే గడి ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

నేను డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్తా. కిందటేడు మా పిల్లల్ని ఫీల్డ్ ట్రిప్‌కి నల్లమల తీసుకెళ్లాం, అక్కడ ఒక చెంచు అవ్వ అడవిగడ్డ తవ్వుతుంటే అందరం చుట్టూ నిలబడి చూశాం. తీగ పూర్తిగా ఎండిపోయి ఉంది, మా కంటికైతే ఎండుపుల్లే. ఆవిడ దాన్ని వేళ్లతో పట్టుకుని కిందదాకా తడుముకుంటూ పోయి, ఇదిగో ఇక్కడ అని గడ్డపార వేసింది. మోచేతి లోతు తవ్వాక గడ్డ కనపడింది. కింద భాగం కోసుకుంది, తీగ అంటుకున్న తలముక్క మాత్రం మళ్లీ గుంటలోనే పెట్టి మట్టి కప్పి కాలితో అదిమింది. ఎందుకవ్వా అంటే "వచ్చే ఏడు మళ్లా తినాల గదా సారూ" అంది.

పిల్లలు శ్రద్ధగానే రాసుకున్నారు, డయాస్కోరియా అని మొక్క శాస్త్రీయ నామం, మొక్క కుటుంబం, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారు. మా హెర్బేరియం షీట్, అంటే ఎండబెట్టిన మొక్కని అంటించి వివరాలు రాసే కాగితం, దాని మీద ఉండే గడులు అవే. రాత్రి షీట్లు దిద్దుతూ చూస్తే సేకరించినవారు అన్నచోట అందరూ తమ పేర్లే రాసుకున్నారు, అవ్వ పేరు ఒక్కదాంట్లోనూ లేదు. పిల్లల తప్పేం లేదు, ఆవిడ పేరు అడగమని నేనే చెప్పలేదు, ఇన్నేళ్ల సర్వీసులో ఒక్కసారీ చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2014 విభజన చట్టంలో రెండు రాష్ట్రాలకీ గిరిజన యూనివర్సిటీ ఇస్తామన్నారు. విజయనగరానిది 2019లో వచ్చింది, ములుగు సమ్మక్క సారక్క యూనివర్సిటీ చట్టం అవడానికి 2023 డిసెంబర్ దాకా పట్టింది. వచ్చాయి, సంతోషం. కానీ గిరిజన పిల్లలకి సీట్లు ఇచ్చి, వాళ్లకి కూడా మేం చెప్పే పాఠాలే చెప్పి పంపిస్తే ఆ అవ్వకి తెలిసింది ఎక్కడ చదువుకుంటారండీ? సంస్కృతి అనగానే మనకి డ్యాన్సులూ నగలే గుర్తొస్తాయి. విత్తనం, నేల, వాన, మందుమొక్క, అడవిని ఎంతవరకు కొట్టాలి ఎక్కడ ఆపాలి, ఇదంతా సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో చెప్పాల్సిన విషయం. 2020 జాతీయ విద్యా విధానంలో కూడా గిరిజన జ్ఞానాన్ని చదువులో కలపాలనే రాశారు.

మనకిది కొత్త కూడా కాదు. ప్రతి ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారికి దండలేస్తాం, వాడుక భాష కోసం కొట్లాడారని చెప్పుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవర గిరిజనుల దగ్గరే సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, తర్వాత వ్యాకరణం, నిఘంటువు కూడా తెచ్చిన సంగతి మాత్రం ఒక్క లైనులో దాటేస్తాం. అంత చదువుకున్నాయన సవరల ముందు విద్యార్థిలా కూర్చున్నారు, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

అలాగని ఊళ్ల మీద పడి అన్నీ రాసుకొచ్చేయమని నేను అనట్లేదు. 1987లో కేరళ అగస్త్య కొండల్లో కాణి తెగవాళ్లు దారి చూపిస్తూ ఏవో కాయలు తింటూ అలుపు లేకుండా నడుస్తుంటే వెంట ఉన్న శాస్త్రవేత్తలు అదేంటని అడిగారు, అది ఆరోగ్యపచ్చ, దాన్నుంచి జీవని అనే మందు వచ్చింది. లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణిలకి ఇవ్వాలని ఒప్పుకున్నారు, మంచి పనే, అయినా మా అందర్నీ అడగలేదని వాళ్లలోనే కొందరు బాధపడ్డారు. కాబట్టి ముందు ఊరి అనుమతి, చెప్పొద్దన్నది చెప్పకుండా ఉండే హక్కు, లాభం వస్తే వాటా, ఇవి మొదటే కాగితం మీద ఉండాలి.

పాఠం చెప్పాల్సింది కూడా వాళ్లే. డిగ్రీ లేనివాళ్లని ఎలా పెడతాం అంటారు గానీ, యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని, పనిలో ఆరితేరినవాళ్లు పాఠం చెప్పే పోస్టు తెచ్చింది, దానికి డిగ్రీ తప్పనిసరి కాదు, పదిహేనేళ్ల అనుభవం ఉండాలి, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా పెట్టుకోవచ్చు. ఆ మాట అనగానే అందరికీ కంపెనీలవాళ్లే గుర్తొస్తారు. ఒక కోయ వైద్యుణ్ణి, ఒక చెంచు అవ్వని ఆ పోస్టులో ఎందుకు కూర్చోబెట్టకూడదు? కనీసం ఈ రెండు యూనివర్సిటీలైనా మొదలుపెట్టాలి.

మా షీట్లలో "చెప్పినవారు" అని ఒక గడి కలపమని సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి లెటర్ పెట్టా, ఇంకా జవాబు రాలేదు. ఈలోగా మా పిల్లలు ఆ గడి పెన్నుతో గీసుకుని పేరు రాస్తున్నారు, ముందు ఆ మనిషిని అడిగి, సరే అంటేనే.

— ఒక బాటనీ లెక్చరర్