226 వచ్చినా ఫైల్ లేదంటే

నల్లగొండ,
ఆదివారం పొద్దుగాల

బిడ్డా,

రాత్రి ఫోన్ల నువ్వు గుక్క తిప్పుకోకుండ చెప్పినవు. ఊ కొట్టిన గని సగం చెవికెక్కలే. పక్కనుంచి మీ అమ్మ "పిల్ల అన్నం తిన్నదో లేదో అడుగు" అని ఒకటే పోరు. కాగితం మీదైతే నాకు సోయి నిలుస్తది, అందుకే రాస్తున్న.

పైథాన్‌ల నువ్వు రాసిన ప్రోగ్రాం ఐబీఎం ఐ నడిచే సర్వర్ మీదికి ఫైల్ పంపింది. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ 226 అని జవాబిచ్చింది. నీ హోమ్ డైరెక్టరీల చూస్తే ఫైల్ లేదు. రెండు రోజుల సంది కోడే మారుస్తున్నవట. ఇగ దాన్ని ముట్టకు. 226 అంటే ఫైల్ అందిందని, అంతే. నువ్వనుకున్న చోటనే అందిందని కాదు.

మీ చిన్నత్త లగ్గం పత్రిక యాదికున్నదా? చిట్యాల అని రాసి జిల్లా రాయక నేను పోస్టు జేస్తే, మన నార్కట్‌పల్లి పక్క చిట్యాలకు గాక భూపాలపల్లి దిక్కున్న చిట్యాలకు పోయింది. తప్పు నాదే. పేరు ఒక్కటే, ఊర్లు రెండు.

నీ సర్వర్ల కూడ గంతే. మేము పని మొదలువెట్టినప్పుడు దాన్ని ఏఎస్ 400 అంటుంటిమి, 1988ల వచ్చింది. తర్వాత ఐసిరీస్, సిస్టమ్ ఐ అయి 2008 నుంచి ఐబీఎం ఐ అయింది. పేర్లు మారినై గని పాత అలవాటు పోలే. ఎవ్వరూ మార్చకుంటే ఎఫ్‌టీపీ నేమ్‌ఫార్మాట్ 0 (పేర్లు చదివే పాత తీరు) తోనే మొదలైతది. అండ్ల చుక్కకు ముందుది ఫైల్ పేరు, తర్వాతది మెంబర్ (ఆ ఫైల్ లోపలి భాగం) పేరు. నువ్వు ఉత్తగ ఆర్డర్స్ డాట్ సీఎస్‌వీ అని పంపితే, ఆర్డర్స్ అనే ఫైల్ల సీఎస్‌వీ అనే మెంబర్ పుడతది. అదీ నీ కరెంట్ లైబ్రరీల (లైబ్రరీ అంటే ఫైళ్లు పెట్టే అర). నీ ప్రొఫైల్‌కు లైబ్రరీ పెట్టకుంటే క్యూజీపీఎల్ అనే ఉమ్మడి లైబ్రరీల. ముందుగాల్ల అక్కడ చూడు.

లాగిన్ అయినంక పైథాన్ సెండ్‌సీఎండీ తోని సైట్ నేమ్‌ఎఫ్‌ఎంటీ 1 పంపు, అప్పుడు పేరును ఫోల్డర్ల తొవ్వ లెక్కన చదువుతది. పేరు స్లాష్ కాడినుంచి పూర్తిగ రాయి. పంపే ముందు, ఇప్పుడు ఏ జాగల ఉన్నవో చెప్పే పీడబ్ల్యూడీ కూడ ప్రింట్ జేసుకో.

ఇంకో మాట. క్యూజీపీఎల్‌ల దొరికినా లోపల పిచ్చిగీతలే కనబడతై. బెదురకు. నువ్వు స్టోర్‌బైనరీ తోని పంపినవు, బైట్లు ఉన్నయి ఉన్నట్టే పోయినై. నీ లాప్‌టాప్ల ఇంగ్లిష్ పెద్ద ఏ అక్షరం కోడ్ 41, అక్కడి ఎబ్‌సిడిక్ అనే అక్షరాల పట్టిల సీ1 (రెండూ హెక్స్ లెక్కల). ఫోల్డర్లుండే ఐఎఫ్ఎస్‌ల అయితే ఫైల్‌కు సీసీఎస్ఐడీ అని, ఏ పట్టిల రాసిందో చెప్పే ఒక చీటీ ఉంటది. లోపలున్నది యూటీఎఫ్-8 అయితే ఆ చీటీ మీద 1208 ఉండాలె. తప్పుంటే సీహెచ్‌జీఏటీఆర్ కమాండ్ తోని దిద్దు. అది చీటీనే మారుస్తది, లోపలి బైట్లను ముట్టదు.

దీనికి ఉల్టా తప్పు నేను జేసిన. ఫ్యాక్టరీల లారీల కాంటా లెక్కల ఫైల్‌ను హెడ్డాఫీసు పీసీకి అస్కీ మోడ్‌ల (అక్షరాలను మార్చి పంపే తీరు) పంపిన. డ్రైవర్ల పేర్లు మంచిగనే పోయినై, బరువులు మాత్రం బొమ్మలైనయి. బరువులు ప్యాక్డ్ డెసిమల్, ఒక్కో బైట్ల రెండేసి అంకెలు. వాటిని అక్షరాలనుకొని తర్జుమా జేస్తే ఏం మిగుల్తది? తెల్లారేదాక చీటీలు చూసి మళ్లా టైప్ జేసిన. అప్పుడు నువ్వు మీ అమ్మ కడుపుల ఉన్నవు, ఇంటికి రానందుకు మీ అమ్మ తిట్టిన తిట్లు ఇంక యాదికున్నయి.

పర్మిషన్ గొడవ వస్తే ఆఖరి ఫోల్డర్ ఒక్కటే చూడకు, తొవ్వల ఉన్న ప్రతి డైరెక్టరీకి ఎక్స్ (లోపలికి పోనిచ్చే అనుమతి) ఉండాలె.

క్యూజీపీఎల్‌ల దొరికితే మెసేజ్ పెట్టు. దొరకకుంటే క్యూటీఎఫ్‌టీపీ తోని పేరు మొదలయ్యే జాబ్ లాగ్ (సర్వర్ జేసిన పని చిట్టా) ఫోటో తీసి పంపు. మొన్న కండ్లద్దాలు మార్చిన, మంచిగ కనబడుతున్నది.

మీ నాయిన