పిల్లల పేరిట పింఛను ఖాతా: ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. నేను లెక్కల టీచర్ని. చక్రవడ్డీ సూత్రాన్ని పిల్లలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు, పరీక్ష అయ్యాక మరిచిపోతారు. అదే లెక్క వాళ్ల వయసు పెట్టి చేయిస్తే మాత్రం లేచి కూర్చుంటారు. ఏటా 7 శాతం రాబడి అనుకుంటే, పదేళ్లప్పుడు వేసిన 100 రూపాయలు అరవై ఏళ్లకు దాదాపు 2,900 అవుతాయి. ముప్పై ఏళ్లప్పుడు వేస్తే సుమారు 760. "మధ్యలో ఇంకేమీ వేయకుండానే అంత తేడానా సార్?" అని వెనక బెంచీవాళ్లు కూడా అడుగుతారు. ధరలు పెరుగుతాయి కాబట్టి ఆ 2,900కి ఇప్పటి విలువ ఉండదని కూడా చెబుతాను. అది దాస్తే మోసమే. అయినా, రాబడి ధరల కన్నా వేగంగా పెరిగితే ముందు మొదలుపెట్టినవారిదే పైచేయి.

కానీ ఈ అవకాశం ఎవరికి దక్కుతోంది? భారత్‌లో 2024 సెప్టెంబరు 18న పిల్లల పేరిట పింఛను ఖాతా తెరిచే పథకం, ఎన్‌పీఎస్ వాత్సల్య, మొదలైంది. మంచి ఆలోచనే. అయితే అలాంటి ఖాతా తల్లిదండ్రులు పూనుకుని తెరవాలి, డబ్బూ వాళ్లే వేయాలి. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలని ఇంటి పిల్లలకు ఆ దారి లేదు. అందుకే జనన నమోదుతో పాటే ఖాతా తెరుచుకోవాలి, మొదటి మొత్తం ప్రభుత్వమే వేయాలి అంటున్నాను.

అంతమాత్రాన పని అయిపోదు. బ్రిటన్‌లో 2002 సెప్టెంబరు 1 నుంచి 2011 జనవరి 2 వరకు పుట్టిన పిల్లలకు చైల్డ్ ట్రస్ట్ ఫండ్ ఇచ్చారు. అది పింఛను కాదు, 18 ఏళ్లకు చేతికొచ్చే పొదుపు. తల్లిదండ్రులు తెరవకపోతే ప్రభుత్వమే తెరిచింది. 2020లో తొలి పిల్లలకు 18 నిండాయి. ఆ తర్వాత లక్షల ఖాతాలు అడిగేవారు లేక ఉండిపోయాయి. తమ పేరిట డబ్బుందనే సంగతే చాలామంది పిల్లలకు తెలియదు. పద్దెనిమిదేళ్లకే ఇలా ఉంటే, అరవై ఏళ్ల దాకా ఆగాల్సిన ఖాతా సంగతి ఊహించండి.

కాబట్టి ఖాతా వివరాలు బిడ్డకు అందాలి. ఏటా బడిలోనే, వాళ్ల చేతికే ఒక కాగితం ఇవ్వండి. అందులో మూడే అంకెలు చాలు: వేసినదెంత, పెరిగినదెంత, రుసుముగా కోసుకున్నదెంత. ఎనిమిదో తరగతి పిల్ల తనంతట తాను చదవగలగాలి.

ఆ మూడో అంకె దగ్గర మాత్రం మీరు గట్టిగా నిలబడాలి. పై లెక్కలోనే ఏటా 1 శాతం రుసుము పోయిందనుకోండి, రాబడి 6 శాతానికి దిగి, 2,900 కాస్తా సుమారు 1,840కి పడిపోతుంది. మూడో వంతుకు పైగా ఆ పిల్లకు దక్కదు, నిధి నడిపేవారికి పోతుంది. పిల్లల ఖాతాల్లో ఉండేవి చిన్న మొత్తాలు, ఉండేది చాలా కాలం. రుసుము బాగా కొరికేది అక్కడే. దానికి గరిష్ఠ పరిమితి చట్టంలోనే రాయండి. తర్వాత నోటిఫికేషన్లో చూద్దాం అని వదిలేయకండి.

అలాగే ఇంటి అవసరాలకు పెద్దలు ఆ డబ్బు తీయడానికి వీలుండకూడదు. పిల్లల ప్రాణం మీదికొచ్చే జబ్బు ఒక్కటే మినహాయింపు.

ముసాయిదా తయారైతే ప్రజల ముందు పెట్టండి. అందులోని ప్రతి లెక్కా మా పిల్లలతో కలిసి చేసి, మా అభిప్రాయం రాసి పంపుతాం.

ఇట్లు,
ఒక లెక్కల ఉపాధ్యాయుడు